బడికి అక్కరలేని బొమ్మ: ఒక డ్రాయింగ్ టీచర్ కేస్ స్టడీ

ఈ కేసు ఒక ప్రైవేటు బడిలో ఒకటి నుంచి అయిదో తరగతి దాకా డ్రాయింగ్ చెప్పే టీచర్‌ది. ఊరు సిద్దిపేట వైపు ఒక చిన్న పట్నం. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, బడి, గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను. డ్రాయింగ్ టీచర్లతో కలిసి పనిచేయడం నా వృత్తి. వాళ్ల క్లాసులో వెనక కూర్చుని చూస్తాను, పిల్లల బొమ్మలు ముందు పరుచుకుని ఇద్దరం మాట్లాడుకుంటాం. నా దగ్గరికి వచ్చే ప్రశ్నలన్నీ మామూలుగా క్లాసు గురించే ఉంటాయి: నలభై అయిదు మందిని ఒక్క పీరియడ్‌లో ఎట్లా చూడాలి, రంగులు కొనలేని పిల్లల్ని ఏం చెయ్యాలి, రెండో తరగతికి ఏ బొమ్మ ఇవ్వాలి.

ఆమె అడిగింది వేరు. "అక్కా, నేను బొమ్మలు వెయ్యుడు ఎప్పుడు బంద్ చేసిన్నో గుర్తుకొస్తలేదు. రోజూ బొమ్మలే వేస్తున్న గదా, మరి ఇట్లెందుకు అనిపిస్తుంది?"

నేను ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే. చిన్నపిల్లలకు బొమ్మలు నేర్పేవాళ్లలో చాలామంది లోలోపల అడుగుతున్న ప్రశ్న ఇది. బయటికి అడిగితే సిగ్గు. డ్రాయింగ్ టీచర్‌వే అయ్యుండి బొమ్మలు వెయ్యట్లేదా అంటారని భయం.

నేపథ్యం

చిన్నప్పటి నుంచీ చెయ్యి తిరిగిన మనిషి. లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు పాసై, ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగ్ పూర్తిచేసింది. ఆ దారిలో వచ్చిన వాళ్లందరిలాగే ఫ్రీహ్యాండ్, మోడల్ డ్రాయింగ్ (ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వెయ్యడం), డిజైన్ గట్టిగా సాధన చేసింది. పెళ్లయ్యాక ఊరు మారింది, ఈ బడిలో చేరింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆర్ట్ నేర్పేవాళ్ల ప్రస్తావన ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకే ఉంది. అదీ వంద మందికి పైగా పిల్లలున్న బడుల్లో, పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరుగా. అయిదో తరగతి లోపు పిల్లలకు ప్రత్యేకంగా ఆర్ట్ టీచర్ ఉండాలని అందులో ఎక్కడా లేదు. బొమ్మలతోనే లోకాన్ని అర్థం చేసుకునే వయసు పిల్లలకు బొమ్మలు తెలిసిన టీచర్ లేకపోవడం నాకు ఎప్పుడూ మింగుడు పడదు. ప్రైవేటు బడులు తమంతట తాము పెట్టుకుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అలా పెట్టుకున్న చోట డ్రాయింగ్ టీచర్ అంటే బడి మొత్తానికి పెయింటర్ కింద లెక్క.

ఆ ప్రశ్న అడిగిన నెలలో ఆమె వేసినవన్నీ ఫోటోలు తీసుకుని రమ్మన్నాను. స్వచ్ఛ భారత్ చార్టు, సైన్స్ టీచర్ అడిగిన గుండె బొమ్మ, గేటు ముందు ముగ్గు, స్టేజీ వెనక తెర, పుట్టినరోజు పిల్లల పేర్లు రాసే బోర్డు, ప్రిన్సిపాల్ గది తలుపు మీద వినాయకుడు, యాభై సర్టిఫికెట్ల మీద పేర్లు. ఇవన్నీ బాగా చేసింది. అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి.

పక్కపక్కన పెట్టి చూశాం. చార్టులో చిలుక, ముగ్గులో చిలుక, నర్సరీ గోడ మీద చిలుక ఒక్కటే. ముక్కు వంపు, రెక్క మీద మూడు గీతలు, తోక మడత అన్నీ ఒకేలా ఉన్నాయి. గీత ఎక్కడా తడబడలేదు, ఎక్కడా చెరిపిన జాడ లేదు. చిలుకను చివరిసారి ఎప్పుడు చూశావని అడిగాను. పెరట్లో జామచెట్టు మీదికి రోజూ వస్తాయంది. "కానీ వాటిని చూసి వేసింది కాదక్కా ఇది. ఇది నా చేతిలనే ఉన్నది."

అక్కడ నాకు విషయం అర్థమైంది. తీరిక లేకపోవడం నిజమే, కానీ ఆమెను కుంగదీస్తున్నది తీరిక లేకపోవడం కాదు. ఆమె వేసే ప్రతి బొమ్మా మొదలుపెట్టకముందే పూర్తయి ఉంటోంది. ఎవరికో కావాలి, ఎట్లా ఉండాలో ముందే తెలుసు, చెయ్యి వెళ్లి దాన్ని దించి వస్తుంది. వేస్తున్నప్పుడు ఆమెకు కొత్తగా కనబడేది ఏమీ లేదు. ఇరవై చార్టులు వేసినా అలసట మిగులుతుంది తప్ప బొమ్మ వేశానన్న తృప్తి రాదు.

క్లాసులో కూడా అదే జరుగుతోంది. బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి నది, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు వేసేది. కొబ్బరిచెట్లే లేని ఊళ్లో నలభై అయిదు మంది పిల్లలు నలభై అయిదు కొబ్బరిచెట్లు దించుకునేవాళ్లు. పిల్లలు అల్లరి చెయ్యరు, పుస్తకాలు శుభ్రంగా ఉంటాయి, తల్లిదండ్రులకూ నచ్చుతుంది.

పెట్టుకున్న కట్టుబాట్లు

క్లాసు పద్ధతి మార్చుకొమ్మని నేను చెప్పలేదు. లెసన్ ప్లాన్ జోలికే పోలేదు. ముందు ఆమె తనకోసం బొమ్మ వెయ్యాలి, మిగతాది తర్వాత చూద్దాం అనుకున్నాం. దానికి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఆ బొమ్మ బడికి ఏ విధంగానూ పనికిరాకూడదు. బడి సామాన్లు వాడకూడదు. ఫోన్లో చూసి దించకూడదు, ఎదురుగా ఉన్నదాన్ని చూసి వెయ్యాలి. బాగా రాలేదని చింపకూడదు, వెనక తేదీ వేసి దాచాలి.

దేనితో వెయ్యాలన్న దగ్గర కాసేపు ఆగాం. స్కెచ్‌పెన్ పట్టుకుంటే ఆమె చెయ్యి దానంతటదే సర్టిఫికెట్ల చెయ్యి అయిపోతుంది. చెరిపితే పోయేది, వేలు తగిలినా చెదిరేది ఏదైనా కావాలి. అందుకే బొగ్గు అనుకున్నాం.

కొనుక్కోకుండా తనే కాల్చుకుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు బట్ట మీద తొలి గీతలు గీసేది చింతపుల్లల బొగ్గుతోనే. పెన్సిలంత లావు చింతపుల్లలు కోసి, బెరడు గీకి, నీడలో ఎండబెట్టింది. రేకు డబ్బాలో సందు లేకుండా నిలువుగా కుక్కి, గట్టిగా మూత పెట్టి, మూతకు మేకుతో ఒక చిల్లు కొట్టి కట్టెల పొయ్యిలో పెట్టింది. చిల్లులోంచి పొగ దట్టంగా వస్తుంది, తర్వాత సన్నబడుతుంది, ఆగిపోతుంది. పొగ ఆగాక డబ్బా బయటికి తీసి, పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోకూడదు. వేడి మీద తెరిస్తే గాలి తగిలి పుల్లలు బూడిదవుతాయి. సరిగ్గా కాలిన పుల్లను నేల మీద వదిలితే గాజు ముక్కలా ఖంగుమంటుంది. లోపల పచ్చి మిగిలితే గీత గోధుమరంగులో, గరుగ్గా వస్తుంది. ఈ బొగ్గు కాల్చే పని ఆమెకు ఎంత సంతోషం ఇచ్చిందో, తొలి వారాల్లో బొమ్మలకన్నా దాని గురించే ఎక్కువ మాట్లాడింది. బడితో సంబంధం లేని పని ఒకటి తన చేతుల్లోకి వచ్చిందన్న సంతోషం అది.

ఏం వెయ్యాలన్నది పెద్ద చిక్కు అయింది. "ఏం వెయ్యాల్నో సమజైతలేదు అక్కా. ఎవ్వరూ అడగకుంటే నాకు చెయ్యి లేస్తలేదు." వంటింట్లో కూర్చున్న చోటి నుంచి ఏం కనబడితే అది వెయ్యమన్నాను. గోడకు స్టీలు గిన్నెల స్టాండు ఉంది. పై అరలో పళ్లేలు, మధ్యలో గిన్నెలు, కింద వరసగా గ్లాసులు.

గిన్నెల స్టాండు

ఇదే ఈ కేసులో అసలు భాగం, అందుకే వివరంగా చెబుతాను.

మోడల్ డ్రాయింగ్ పరీక్షకు ఆమె బిందెలు, చెంబులు బోలెడు వేసింది. కంటికి సమానంగా ఉన్న గ్లాసు నోరు ఒట్టి గీతలా కనబడుతుందని, కిందికి పోయేకొద్దీ ఆ నోరు తెరుచుకుని వెడల్పవుతుందని, కంటికన్నా పైనున్నవాటికి నోరు కనబడక అడుగు కనబడుతుందని ఆమెకు కంఠతా వచ్చు. అయినా పీట మీద కూర్చుని స్టాండు వేస్తే తొలి బొమ్మల్లో గ్లాసులన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నిజానికి పీట మీద నుంచి ఆమెకు ఒక్క గ్లాసు నోరూ కనబడదు. అన్నీ తలకన్నా పైనే ఉన్నాయి.

బొమ్మ ముందు పెట్టుకుని ఆమే కనిపెట్టింది. "నేను గ్లాసును చూసి వెయ్యలేదు. గ్లాసు ఎట్ల ఉంటదో తెలుసు గదా అని వేసిన."

తర్వాత స్టీలు మెరుపుతో పేచీ వచ్చింది. బొగ్గుతో మెరుపు వెయ్యలేం, కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలి. ఎక్కడ వదలాలో తెలియాలంటే గిన్నెలోకి చూడాలి. చూస్తే ప్రతి గిన్నెలోనూ వంటింటి కిటికీ ఉంది, ఒక్కోదాంట్లో ఒక్కో తీరుగా వంగి ఉంది. లోతు గిన్నెలో సన్నగా సాగి, పళ్లెంలో వెడల్పుగా పరుచుకుని. ఆ కిటికీలు వెయ్యడం కోసం అదే స్టాండును నెలల తరబడి వేసింది. పొద్దున వేసినదాంట్లో ఎడమవైపు తెల్లగా ఉంది, సాయంత్రం లైటు కింద వేసినదాంట్లో మెరుపు నెత్తికెక్కింది.

అత్తమ్మ వచ్చి చూసి, "గిన్నెల బొమ్మేంది బిడ్డా, ఏసేదేదో దేవుని బొమ్మ వెయ్యరాదు" అందట. అయినా పళ్లేలు తోమాక మళ్లీ అదే చోట పెట్టడం మొదలుపెట్టింది కూడా ఆ అత్తమ్మే. ఏ గిన్నె జరిగినా కోడలి బొమ్మ చెడుతుందని ఆమెకు తెలిసిపోయింది.

మధ్యలో ఒక స్టాండు బొమ్మ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. మెచ్చుకోళ్లు చాలా వచ్చాయి. ఆ తర్వాతి బొమ్మలు నాకు చూపిస్తే గీతలు మళ్లీ నున్నగా అయ్యాయి, గిన్నెల అంచులు సర్టిఫికెట్ల అక్షరాల్లా కుదురుగా ఉన్నాయి, కిటికీలు మాయమయ్యాయి. నేనేమీ అనలేదు. పాతవి, కొత్తవి నేల మీద పరిచి ఇద్దరం చూశాం. స్టేటస్ పెట్టకూడదన్న కట్టుబాటు ఆ రోజు ఆమే కలుపుకుంది. మెచ్చుకోలు చెడ్డదని నేను అనను, చాలామంది టీచర్లకు అది దొరకనే దొరకదు. ఈ దశలో ఈమెకు మాత్రం అది అడ్డమైంది.

క్లాసులో కనిపించింది

క్లాసు గురించి మేం ఏమీ అనుకోలేదని ముందే చెప్పాను. మార్పు వచ్చింది ఆమె చూపులో.

మూడో తరగతి పిల్ల ఒకతె నీళ్ల గ్లాసు వేసింది. పైన నోరు పూర్తి గుండ్రంగా, రూపాయి బిళ్లలా ఉంది. కింద అడుగు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు నేరుగా ఉంది. వెనక బెంచీ నుంచి నేను చూస్తున్నాను. ఇదివరకైతే ఈ టీచర్ పెన్సిలు తీసుకుని అడుగును వంపు చేసి ఇచ్చేది. ఈసారి వంగి అడిగింది: "పైన గుండ్రంగ వేసినవ్, కింద నేరుగ వేసినవ్. ఎందుకు బిడ్డా?"

"కింద గుండ్రంగ వేస్తే పడిపోతది గదా టీచర్."

ఫ్రెంచి పరిశోధకుడు లూకే 1927లోనే పిల్లల బొమ్మల గురించి ఈ సంగతి చెప్పాడు. ఆ వయసు పిల్లలు కంటికి కనబడినట్టు కాక, తమకు తెలిసినట్టు వేస్తారు. గ్లాసు నోరు గుండ్రమని పిల్లకు తెలుసు, నీళ్లు అందులోంచే పోస్తారు. అడుగు చదునని తెలుసు, బల్ల మీద నిలబడుతుంది. ఆ బొమ్మలో తప్పేమీ లేదు, ఆలోచన ఉంది. ఈ విషయం ట్రైనింగుల్లో నేనూ చెబుతుంటాను, టీచర్లు నోట్సులో రాసుకుంటారు, మర్నాడు క్లాసుకు వెళ్లి పిల్లల గీతలు దిద్దుతారు. ఈమె దిద్దలేదు. కనబడని గ్లాసు నోళ్లు తెలిసినదాన్నిబట్టి తనూ వేసింది కాబట్టి, ఆ పిల్ల చేసింది ఏమిటో ఆమెకు వెంటనే పట్టుబడింది.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. టీచర్ తనకోసం బొమ్మ వేసుకునే సమయం క్లాసు నుంచి దొంగిలించింది కాదు. పిల్లల కాగితం మీద ఏం జరుగుతోందో చూడగలిగే కన్ను ఆమెకు అక్కడ తయారవుతుంది. ఆ కన్ను మాటలతో ఇవ్వలేం, నేను ఇన్నేళ్లుగా ఇవ్వాలని చూస్తూనే ఉన్నాను.

అయిదో తరగతిలో కథ వేరు. తొమ్మిది, పది ఏళ్లు వచ్చేసరికి పిల్లలు ఉన్నది ఉన్నట్టు రావాలని పట్టుబడతారు, రాకపోతే "నాకు బొమ్మలు రావు" అని పెన్సిలు కింద పెట్టేస్తారు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పనిచేసిన లోవెన్‌ఫెల్డ్ ఈ మలుపును ఒక దశగానే గుర్తించాడు. చాలామంది జీవితాంతం అక్కడే ఆగిపోతారు. ఆ పిల్లల దగ్గరికి ఆమె స్టాండు బొమ్మల కట్ట పట్టుకెళ్లింది. తుడిచి వేసిన గీతలు, మసి పట్టిన వేలిముద్రలు, రెండుసార్లు జరిపిన పళ్లెం అంచు అన్నీ వాళ్లు చూశారు. "టీచర్, మీరు గూడ చెరుపుతరా?" అని ఒకడు నమ్మలేక అడిగాడు. ఆ కట్ట క్లాసంతా చేతులు మారింది.

ఆ ఉత్సాహంలో రెండో తరగతికీ తీసుకెళ్లింది. మర్నాడు రెండో తరగతి పుస్తకాల నిండా గిన్నెల స్టాండులే. చిన్నవాళ్లు టీచర్ వేసినదాన్ని దించుకుంటారు, కొబ్బరిచెట్టు పోయి గిన్నెలు వచ్చాయి అంతే. అప్పటి నుంచి ఆమె సొంత బొమ్మలు నాలుగు, అయిదు తరగతులకు తప్ప చూపించదు. చిన్నవాళ్లు వేస్తున్నప్పుడు పక్కన తనూ వేస్తే మాత్రం వాళ్లకున్న క్రేయాన్‌తోనే, తన నోటుబుక్కులో, వాళ్లు మొదలుపెట్టాకే.

ఇబ్బందులు

డ్రాయింగ్ పుస్తకాలు ఇదివరకటంత నీటుగా లేవు. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి, "పక్క బడిల పిల్లలు సీనరీ మంచిగ వేస్తున్నరు, మా వాని బుక్కుల ఏందో పిచ్చిగీతలున్నయి" అన్నాడు. ప్రిన్సిపాల్ పిలిచి అడిగారు. ఆమె టెన్షన్ పడింది కానీ వెనక్కి తగ్గలేదు. ప్రతి బొమ్మ వెనక పిల్ల చెప్పిన మాట రాయడం మొదలుపెట్టింది. గ్లాసు బొమ్మ వెనక "కింద గుండ్రంగ వేస్తే పడిపోతది" అని ఉంది. ఆ మాటలు చదివి కొందరు తల్లులు ఆగి చూశారు. ఆ తండ్రి ఒప్పుకోలేదు. ఎగ్జిబిషన్ ముందు ఆమె ఇప్పటికీ సీనరీ నేర్పుతుంది. నాకు అభ్యంతరం లేదు. ఉద్యోగం నిలబడాలి, పైగా పిల్లలకు అదీ ఇష్టమే.

యాన్యువల్ డే నెలలో స్టేజీ తెర పని మీద పడి సొంత బొమ్మ పూర్తిగా ఆగిపోయింది. ఆగడం వల్ల పెద్ద నష్టం లేదు. తిరిగి మొదలుపెట్టినప్పుడు వచ్చే తొలి బొమ్మే గండం. చెయ్యి బిగిసిపోయి ఉంటుంది, చూడగానే చింపెయ్యాలనిపిస్తుంది. చింపకూడదన్న కట్టుబాటు అక్కడ పనికొచ్చింది. ఆ బొమ్మ వెనక తేదీ, పక్కన "తెర తర్వాత" అని ఉంది.

మనకు ముందున్నవాళ్లు

ఇది వీలయ్యే పనేనా అని ఆమె అడిగినప్పుడు దూరం వెళ్లకుండా సిద్దిపేట పేరే చెప్పాను. కాపు రాజయ్య (1925–2012) అక్కడ డ్రాయింగ్ మాస్టరుగా పనిచేస్తూనే బోనాలు, పల్లె ఆడవాళ్లు, కులవృత్తులవాళ్ల బొమ్మలు వేశారు. కథల పటాలు వేసే చేర్యాల నకాషీవాళ్ల రంగుల తీరు ఆయన చేతిలో కొత్త రూపం దిద్దుకుంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఒకప్పటి ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే తనూ బొమ్మలు వేసే మనిషి. తర్వాత పేరున్న చిత్రకారులైన దామెర్ల రామారావు, అడివి బాపిరాజు లాంటి కుర్రాళ్లలో ఏముందో ఆయన గుర్తుపట్టడానికి అదొక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్లంతా పెద్దవాళ్లు, మనకు పోలికా అని ఆమె అంది. పోలిక గొప్పతనంలో వద్దు. బడిలో జీతం తీసుకుంటూ ఇంట్లో బొమ్మ వేసుకోవడం ఈ నేల మీద కొత్త సంగతి కాదని చెప్పడం వరకే నా ఉద్దేశం.

ఇప్పుడు ఎక్కడున్నాం

అందరికీ ఇదే మందని నేను చెప్పను. ఎగ్జిబిషన్ల మీదే మనసు పెట్టి క్లాసును పక్కన పడేసే ఆర్టిస్టు టీచర్లు కూడా ఉన్నారు, వాళ్ల కేసు వేరు. ఇంట్లో కూర్చునే చోటు, అరగంట వదిలేసే మనుషులు లేని టీచర్‌కు ఈ కట్టుబాట్లు ఇంకో భారం అవుతాయి. ఈమెకు అత్తమ్మ దన్నుగా నిలబడింది, అది మేం ప్లాన్ చేసింది కాదు.

మా ట్రైనింగుల్లో ఒకటి మార్చాను. లెసన్ ప్లాన్ కన్నా ముందు, బడికి అక్కరలేని సొంత బొమ్మ ఒకటి తెమ్మని టీచర్లను అడుగుతున్నాను. కొందరు తెస్తున్నారు. కొందరు వట్టి చేతులతో వచ్చి, ఏం వెయ్యాలో తోచలేదంటున్నారు. వాళ్లతో ముందు బొగ్గు కాల్పిస్తున్నాను.

ఆమె గిన్నెల స్టాండు వదిలి పక్కింటి కొట్టంలో బర్రెను వేస్తోంది. అది నిలబడదు, ఈగలకు తల విసురుతుంది, బొమ్మ సగంలో ఉండగా పడుకుంటుంది. అందుకని ఒకే కాగితం మీద నాలుగైదు బర్రెలు సగం సగం వేస్తోంది. డ్రాయింగ్ షీటు సరిపోవట్లేదని, ప్రింటింగ్ ప్రెస్సులో మిగిలే న్యూస్‌ప్రింట్ రోలు దొరుకుతుందేమో కనుక్కొమ్మని అడిగింది. వచ్చే వారం తీసుకెళ్లి ఇస్తున్నాను.